తెర ఇక్కడ, యంత్రం అక్కడ

గచ్చిబౌలిలో ఒక ఉద్యోగి కీబోర్డు మీద ఒక అక్షరం నొక్కాడు. అతని ముందున్న తెర మీద ఆ అక్షరం కనిపించాలంటే ఆ నొక్కుడు ముందు అమెరికాలోని వర్జీనియా దాకా వెళ్లాలి. అతను పనిచేసే క్లయింటు కంపెనీ డెస్క్‌టాప్ అక్కడి డేటా సెంటర్లో, ఒక సర్వర్ లోపల నడుస్తోంది. అక్కడి వర్డ్ ఆ అక్షరాన్ని తన పేజీలో వేసుకున్నాక, మారిన బొమ్మ తిరిగి హైదరాబాదు చేరాలి. రెండు చోట్లకూ మధ్య ఆకాశమార్గాన సుమారు 13 వేల కిలోమీటర్లు. గాజు తీగలో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లే పోగలదు. కేబుల్ గీత గీసినట్టు నేరుగా వేసి ఉన్నా రానూపోనూ 130 మిల్లీసెకన్లు పడుతుంది. సముద్రగర్భ కేబుళ్లు అంత నేరుగా పోవు, దారి పొడవునా రౌటర్ల దగ్గర ఆగుళ్లు కూడా ఉంటాయి. అసలు లెక్క 200 మిల్లీసెకన్లు దాటడం మామూలే.

నొక్కిన మీటకు సెకనులో పదో వంతు లోపల జవాబు రావాలని 1968లోనే ఐబీఎంకు చెందిన రాబర్ట్ మిల్లర్ రాశాడు. మన ఉద్యోగి మొదటి అక్షరానికే ఆ హద్దు దాటేశాడు. ఆఫీసువాళ్లు ఇంటర్నెట్ కనెక్షన్‌ను 100 మెగాబిట్ల నుంచి గిగాబిట్‌కు పెంచినా ఈ లెక్కలో ఒక్క మిల్లీసెకను కూడా తగ్గదు. అయినా అదే దూరంలో, తెరను మోసుకొచ్చే ఒక ప్రొటోకాల్ మీద పని సాఫీగా సాగుతుంది, ఇంకోదాని మీద గంటలోనే విసుగొస్తుంది. ప్రొటోకాల్‌ను ఎంచుకునేటప్పుడు చాలామంది అడిగేది 'ఏది ఫాస్ట్?' అని. నన్నడిగితే అది పనికిరాని ప్రశ్న. తీగ మీద ఏం పోతోంది, ఆ తీగ ఎంత పొడవు, తెర మీద ఏముంది: ఈ మూడూ తెలియకుండా దేన్నీ వేగమైనదని చెప్పలేం.

ఇలాంటి పనికి వాడే థిన్ క్లయింట్ అంటే తనంతట తాను పెద్దగా ఏ పనీ చేయని చిన్న పెట్టె. మానిటరు, కీబోర్డు, మౌసు, నెట్‌వర్క్ తీగ తగిలించే చోట్లు, లోపల ఓ మోస్తరు ప్రాసెసరు, అంతే. పనంతా సర్వర్‌ది. పెట్టె పాడైతే ఇంకోటి తగిలిస్తే చాలు, వదిలిన చోటనే పని మొదలవుతుంది. బ్యాంకు శాఖల్లో, కాల్ సెంటర్లలో, ఆస్పత్రి కౌంటర్లలో మానిటరు వెనక బిగించి ఉంటుంది కనుక చాలామంది దాన్ని గమనించరు కూడా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 ప్రాంతంలో దాదాపు 5,000 ప్రభుత్వ పాఠశాలలకు కంప్యూటర్లు ఇచ్చినప్పుడు ఎన్‌కంప్యూటింగ్ అనే కంపెనీ పెట్టెలు తెచ్చారు. ఒక పీసీని పలువురు పిల్లలు ఎవరి తెర మీద వాళ్లు వాడుకునే ఏర్పాటు అది.

ఇక తీగ మీద పోయేదేమిటి? 1920 అడ్డం, 1080 నిలువు పిక్సెళ్లున్న మామూలు తెర మీది బొమ్మను ఉన్నదున్నట్టు పంపితే ఒక్కసారికి 62 లక్షల బైట్లు. సెకనుకు 60 సార్లు పంపితే దాదాపు 3 గిగాబిట్లు. ఒక్క మనిషికే ఇంత ఎవరూ ఇవ్వలేరు. తగ్గించడానికి దారులు రెండు. సంక్రాంతి ముందు ఫోన్లో ముగ్గు చెప్పుకునేవాళ్లకు ఈ తేడా వెంటనే తెలుస్తుంది. 'పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది వచ్చేదాకా' అని చెప్తే అవతలి మనిషి తన వాకిట్లో వేసేసుకుంటుంది. లేదా వేసిన ముగ్గును ఫొటో తీసి పంపొచ్చు. మొదటి పద్ధతిలో నాలుగు మాటలు చాలు, కానీ అవతలివాళ్లకు చుక్కల ముగ్గు వేయడం వచ్చి ఉండాలి. రెండోదానికి అవతల ఎవరున్నా సరే, మోత మాత్రం ఎక్కువ. రిమోట్ డెస్క్‌టాప్ ప్రొటోకాళ్లు చాలావరకు ఈ నలభై ఏళ్లలో మొదటి పద్ధతి నుంచి రెండోదానికి జరుగుతూ వచ్చాయి. ఎందుకు జరిగాయో తెలిస్తే సగం ఎంపిక అయిపోయినట్టే.

మొదటి పద్ధతికి పెద్ద ఉదాహరణ ఎక్స్ విండో సిస్టమ్. 1984లో అమెరికాలోని ఎంఐటీలో బాబ్ షైఫ్లర్, జిమ్ గెటిస్ మొదలుపెట్టారు. 1987లో వచ్చిన పదకొండో రూపమే ఇప్పటికీ ఎన్నో లినక్సు యంత్రాల్లో నడుస్తోంది. 'ఇక్కడ గీత గీయి, అక్కడ ఈ అక్షరాలు రాయి' అని ప్రోగ్రామ్ చెప్తుంది, తెర ఉన్న యంత్రం గీస్తుంది. ఒకే భవనంలో ఇది చక్కగా పనిచేసింది. చిక్కల్లా దీని మాటకారితనం. ప్రోగ్రామ్ ప్రతి చిన్నదానికీ ఒక ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగుతుంది. భవనంలో ఒక్కో జవాబుకు ఒక మిల్లీసెకను కూడా పట్టదు కనుక వంద ప్రశ్నలడిగినా తెలియదు. అవే వంద ప్రశ్నలు హైదరాబాదు, వర్జీనియా మధ్య పడితే ఒక కిటికీ తెరుచుకోవడానికి 20 సెకన్లు. తీగలో బోలెడు ఖాళీ ఉన్నా అంతే. ఇటలీలో పుట్టిన నోమెషీన్ కంపెనీ ఎన్ఎక్స్ అనే పద్ధతితో ఈ రోగానికి మందు వేసింది. ప్రశ్నలకు దగ్గర్లోనే జవాబు చెప్పే మధ్యవర్తిని పెట్టి, ఒకసారి పంపినదాన్ని గుర్తుపెట్టుకుని మళ్లీ పంపకుండా చేసింది. ఇవాళ్టి ఎక్స్‌టుగో దాని మూడో తరం మీద కట్టినదే.

విండోస్ వైపు కథ సిట్రిక్స్‌తో మొదలవుతుంది. ఐబీఎంలో పనిచేసి బయటికొచ్చిన ఎడ్ యాకొబుచ్చి 1989లో ఈ కంపెనీ పెట్టాడు. ఒకే విండోస్ సర్వర్ మీద పలువురు ఒకేసారి పనిచేసేలా 1995లో విన్‌ఫ్రేమ్ తెచ్చింది. దాని ప్రొటోకాల్ పేరు ఐసీఏ. మైక్రోసాఫ్ట్ 1997లో ఆ సాంకేతికతను లైసెన్సుకు తీసుకుని 1998లో తన టెర్మినల్ సర్వర్ ఎడిషన్ విడుదల చేసింది. ప్రొటోకాల్ మాత్రం సొంతంగా కట్టుకుంది, డేటా కాన్ఫరెన్సుల కోసం ఉన్న ఒక అంతర్జాతీయ ప్రమాణాన్ని పునాదిగా పెట్టుకుని. అదే ఆర్‌డీపీ. ఇదీ మొదట్లో గీతల భాషే మాట్లాడేది. ఒకసారి పంపిన అక్షరం ఆకారాన్ని క్లయింట్ దాచుకునేది కనుక టెలిఫోన్ మోడెమ్ మీద కూడా నెట్టుకురాగలిగారు.

ఫొటో పద్ధతి ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో, ఒలివెట్టి పరిశోధనాశాలలో పుట్టింది. పేరు వీఎన్‌సీ. దాన్ని తయారుచేసిన బృందంలో క్వెంటిన్ స్టాఫర్డ్-ఫ్రేజర్ ఒకడు. అంతకుముందు 1991లో, కాఫీ ఉందో లేదో లేవకుండానే తెలుసుకోవడానికి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో కాఫీ పాత్ర ముందు కెమెరా పెట్టినవాళ్లలో కూడా అతను ఉన్నాడు. దూరంగా ఉన్నదాన్ని తెర మీద చూడాలన్న బద్ధకం గొప్ప ఆవిష్కరణలకు తల్లి. వీఎన్‌సీ సూత్రం చాలా సులువు: తెరలో మారిన దీర్ఘచతురస్రాలను పంపు, అంతే. అవతల విండోస్ అయినా, లినక్సు అయినా, ఇంకేదైనా దానికి పట్టదు. అందుకే అది అన్నిచోట్లా పాకింది. కానీ పాత పద్ధతి వీఎన్‌సీలో క్లయింట్ 'మార్పు పంపు' అని అడిగితేనే సర్వర్ పంపుతుంది. వెళ్లి రావడానికి 250 మిల్లీసెకన్లు పట్టే దారిలో ఆ లెక్కన సెకనుకు నాలుగు బొమ్మలు మించి రావు. అడగకపోయినా పంపుతూ ఉండే వీలు టైగర్‌వీఎన్‌సీ లాంటి కొత్త రూపాల్లో వచ్చింది.

గీతల భాష అంత పొదుపైనదైతే ఎందుకు ఓడింది? ప్రోగ్రాములే మారిపోయాయి. బ్రౌజరు ఇప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్‌ను 'గీత గీయి' అని అడగదు. పేజీ మొత్తాన్ని తనే గ్రాఫిక్స్ చిప్పులో వండుకుని, తయారైన బొమ్మను తెర మీద పరుస్తుంది. విండోస్ విస్టా నుంచి డెస్క్‌టాప్ కూడా అదే బాట పట్టింది. చెప్పుకోవడానికి గీతలే లేనప్పుడు గీతల భాష ఎంత పొదుపైనదైతే ఏం? అందుకే ఆర్‌డీపీ క్రమంగా హెచ్.264 లాంటి వీడియో పద్ధతులు తెచ్చుకుంది. నోమెషీన్ తన నాలుగో తరంలో వీడియో దారి పట్టింది. లినక్సులో ఎక్స్ స్థానంలోకి వస్తున్న వేలాండ్‌కు దూరం నుంచి తెర చూపే గుణం పుట్టుకతో లేదు. ఆ లోటు పూడ్చడానికి గ్నోమ్ డెస్క్‌టాప్‌వాళ్లు 2022లో చేరదీసింది ఆర్‌డీపీనే. మైక్రోసాఫ్ట్ ప్రొటోకాల్ లినక్సు ఇంట్లో దత్తపుత్రుడిగా చేరుతుందని ఇరవై ఏళ్ల కిందట ఎవరైనా అంటే నవ్వేవాళ్లు.

వీడియో పద్ధతి సినిమాల కోసం పుట్టింది. మనిషి కన్ను వెలుగునీడల తేడాను పట్టినంతగా రంగుల తేడాను పట్టదు. కనుక మామూలు వీడియోలో వెలుగును పిక్సెల్ పిక్సెల్‌కూ పంపి, రంగును మాత్రం నాలుగు పిక్సెళ్లకు ఒకటి చొప్పున పంపుతారు. సినిమాలో ఇది కనిపెట్టలేం. తెర మీది అక్షరాల్లో కనిపెడతాం. తెల్లకాగితం మీద నల్ల అక్షరం ఫర్వాలేదు, నీలం మీద ఎర్ర అక్షరం అంచులు మాత్రం అలుక్కుపోతాయి. విండోస్‌లో అక్షరాలు నునుపుగా కనిపించడానికి వాడే క్లియర్‌టైప్ అంచులకు సన్నని రంగులు పూస్తుంది కనుక నల్ల అక్షరానికీ కొంత దెబ్బ తప్పదు. తెలుగుకు ఈ బాధ ఇంకాస్త ఎక్కువ. 'ద'కూ 'ధ'కూ, 'డ'కూ 'ఢ'కూ తేడా ఒక చిన్న గీతలో ఉంది. వత్తులు అసలు అక్షరం కంటే చిన్నవి. పన్నెండు పాయింట్ల అక్షరాలతో డీటీపీ చేసేవాడికి, దరఖాస్తుల్లో పేర్లు సరిచూసే గుమాస్తాకు అది అందం సమస్య కాదు, తప్పుల సమస్య. ఆర్‌డీపీ పదో తరంలో రంగును కూడా పూర్తిగా పంపే ఏవీసీ 444 అనే అమరిక ఉంది. తెలుగులో పని జరిగే చోట దాన్ని వెతికి మరీ ఆన్ చేయించాలి.

ఇదే సమస్యకు కెనడా కంపెనీ టెరాడిసి వేరే జవాబు చెప్పింది. దాని పీసీ-ఓవర్-ఐపీ ముందు మసక బొమ్మ పంపి, తెర కదలకుండా ఉన్నప్పుడు ఒక్కో పొరా చేరుస్తూ చివరికి అసలు బొమ్మతో ఏ తేడా లేని స్థితికి తెస్తుంది. ఎక్స్‌రే చూసే డాక్టరుకు, ఇంజనీరింగ్ డ్రాయింగు చూసేవాడికి నప్పే గుణం ఇది.

ఇక దారి. ఇంటర్నెట్‌లో ఎక్కువ పనులు టీసీపీ మీద నడుస్తాయి. దారిలో ఒక ప్యాకెట్ పోతే, అది మళ్లీ వచ్చేదాకా వెనక వచ్చినవన్నీ క్యూలో నిలబడాల్సిందే. ఫైలు దింపుకోవడానికి ఆ క్రమశిక్షణ కావాలి. తెరకు అక్కర్లేదు: పాత బొమ్మ పోతే పోనీ, కొత్త బొమ్మ వస్తే చాలు. ఇంటి వైఫై, మొబైల్ డేటా మీద ప్యాకెట్లు పోతూనే ఉంటాయి కనుక ఈ తేడా పెద్దది. పీసీ-ఓవర్-ఐపీ బొమ్మలను, అలా క్యూలో నిలబెట్టని యూడీపీ మీదే పంపుతుంది. ఆర్‌డీపీ 2012లో వచ్చిన ఎనిమిదో తరం నుంచి యూడీపీని కూడా వాడుతోంది. కానీ చాలా ఆఫీసుల ఫైర్‌వాల్‌లో యూడీపీ దారి మూసి ఉంటుంది. అప్పుడు ప్రొటోకాల్ నోరెత్తకుండా టీసీపీకి దిగిపోతుంది, వాడేవాడు మాత్రం 'సర్వర్ స్లో' అని తిట్టుకుంటూ ఉంటాడు. నేను చూసిన ఫిర్యాదుల్లో ఈ రకం చాలా ఎక్కువ.

దూరాన్ని తగ్గించలేకపోతే కంటిని మభ్యపెట్టొచ్చు. మౌసు బాణాన్ని దాదాపు అన్ని ప్రొటోకాళ్లూ సర్వర్ జవాబు కోసం ఆగకుండా క్లయింట్ దగ్గరే కదిలిస్తాయి. సిట్రిక్స్ పాత రూపాలు ఇంకో అడుగు వేశాయి. మీట నొక్కగానే అక్షరాన్ని క్లయింటే తాత్కాలికంగా తెర మీద వేసేసేది, తర్వాత అసలు బొమ్మ వచ్చి దాని స్థానంలో కూర్చునేది. వర్జీనియా దూరంలో టైపు చేసేవాడికి అది ప్రాణం లేచొచ్చే సదుపాయంగా ఉండేది.

ఇంత చర్చా అయ్యాక అసలు నిర్ణయం మానిటరు దగ్గర జరగదు, యూఎస్‌బీ తొర్రల దగ్గర జరుగుతుంది. బ్యాంకు కౌంటర్లో పాస్‌బుక్ ప్రింటరు, వేలిముద్ర తీసే పరికరం, స్కానరు, స్మార్ట్ కార్డు రీడరు. యూఎస్‌బీ పరికరాలు పక్కనే ఉన్న కంప్యూటరుతో చకచకా మాట్లాడతాయని అనుకుని తయారుచేసినవి. వాటి సంభాషణను ఉన్నదున్నట్టు ఊరు దాటించి సర్వర్‌కు పంపితే కొన్ని అలిగి కూర్చుంటాయి. ప్రింటరు, స్మార్ట్ కార్డు లాంటివాటికి ఆర్‌డీపీలో, సిట్రిక్స్‌లో విడివిడిగా దారులున్నాయి. పరికరం గొడవ క్లయింట్ దగ్గరే తీర్చి, ఫలితాన్ని మాత్రం పంపుతాయి. సాదా వీఎన్‌సీలో ఇవేవీ లేవు. తెర, మీటలు, మౌసు, కాస్త కాపీ-పేస్టు, అక్కడితో సరి.

తెలుగు టైపింగ్‌లో ఇంకో మెలిక ఉంది. ఆర్‌డీపీ సాధారణంగా ఏ మీట నొక్కారో దాని సంఖ్యను పంపుతుంది, ఆ మీటకు ఏ అక్షరమో సర్వర్ తేలుస్తుంది. కాబట్టి ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ సర్వర్ సెషన్‌లో ఉండాలి. మీ పెట్టెలో అమర్చుకున్నంత మాత్రాన చాలదు. వీఎన్‌సీ అలా కాదు, అక్షరం సంకేతాన్నే పంపుతుంది. 'క' అనే అక్షరం క్లయింట్ దగ్గరే తయారై వెళ్తుంది, సర్వర్‌లోని ప్రోగ్రామ్ దాన్ని గుర్తుపట్టాలి. ఈ తేడా తెలియక లేఅవుట్‌ను రెండు వైపులా మార్చి మార్చి విసిగిపోయినవాళ్లు చాలామందే ఉన్నారు.

వీడియోగా కుదించడం ఊరికే జరగదు, ఆ చాకిరీ సర్వర్ మీద పడుతుంది. నలుగురికైతే ప్రాసెసరు మోస్తుంది. నలభై మంది ఒకేసారి యూట్యూబ్ పెడితే వీడియో సంగతి దేవుడెరుగు, మౌసు కూడా కదలదు. గ్రాఫిక్స్ కార్డు పెడితే ఆ బరువు దాని మీదికి పోతుంది, ఖర్చు కొనేవాడి మీదికి వస్తుంది. అవతలి కొసన విప్పే పని పెట్టెది. ఇక్కడ చవకబారు పెట్టెలతో జాగ్రత్త. రాస్‌ప్‌బెరీ పై నాలుగో తరం బోర్డులో హెచ్.264ను విప్పే ప్రత్యేక సర్క్యూట్ ఉంది, ఐదో తరంలో తీసేశారు, హెచ్‌ఈవీసీ అనే ఇంకో వీడియో పద్ధతికి మాత్రమే ఉంచారు. కొత్తది కదా మెరుగే అనుకుని కొంటే, హెచ్.264 విప్పే పని ప్రాసెసరు నెత్తిన పడుతుంది.

భద్రత గురించి ఒకే మాట: ఆర్‌డీపీ తలుపును నేరుగా ఇంటర్నెట్‌కు తెరవొద్దు. 2019 మే నెలలో బయటపడ్డ బ్లూకీప్ లోపం పాస్‌వర్డ్ లేకుండానే లోపలికి దారి ఇచ్చేది. మద్దతు ఎప్పుడో ఆపేసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ మరమ్మతు విడుదల చేసిందంటే ఎంత భయపడిందో ఊహించుకోండి. పాతకాలపు వీఎన్‌సీ పాస్‌వర్డులో మొదటి ఎనిమిది అక్షరాలనే చూస్తుంది. ఏది వాడినా వీపీఎన్ లేదా గేట్‌వే వెనక ఉంచాలి.

మరి ఏది తీసుకోవాలి? సర్వర్ విండోస్ అయి, పని వర్డ్, ఎక్సెల్, అకౌంట్లు అయితే ఆర్‌డీపీ దాటి ఆలోచించాల్సిన పని చాలామందికి రాదు. మనిషికో పెట్టెకో లైసెన్సు కొనాలన్న సంగతి మాత్రం మొదటి రోజే లెక్కలో వేసుకోవాలి. సముద్రాలు దాటే పనికి, రకరకాల పరికరాలున్న బ్యాంకులకు సిట్రిక్స్ ఖరీదు కొంతవరకు సమర్థించుకోవచ్చు. వీఎన్‌సీని రోజువారీ డెస్క్‌టాప్‌గా నేను ఎవరికీ సిఫారసు చేయను. కానీ టీచరు తన తెరను పిల్లలందరికీ చూపడానికి, దూరాన ఉన్నవాడికి పక్కన కూర్చున్నట్టు సాయం చేయడానికి దానికి సాటి లేదు, ఎందుకంటే ఇద్దరూ ఒకే తెరను చూస్తారు. మామూలు విండోస్ పీసీలోకి ఆర్‌డీపీతో వెళ్తే అక్కడున్నవాడి తెర తాళం పడిపోతుంది. స్పైస్ అనే ప్రొటోకాల్‌ను రెడ్‌హ్యాట్ 2009లో అందరికీ తెరిచింది. వర్చువల్ యంత్రాలకు బాగానే ఉండేది, కానీ ఆ కంపెనీయే తన తొమ్మిదో తరం లినక్సు నుంచి దాన్ని తీసేసింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఆ దారికి పోకపోవడం మేలు.

లినక్సుతో నడిచే కాలేజీ ల్యాబ్ అయితే ఎక్స్ఎఫ్‌సీఈ లాంటి తేలికపాటి డెస్క్‌టాప్‌తో ఎక్స్‌టుగో, లేదా లినక్సు తెరను ఆర్‌డీపీతో చూపే ఎక్స్ఆర్‌డీపీ సరిపోతాయి. అక్కడ ఇంకో దారి కూడా ఉంది, ఏ ప్రొటోకాలూ వాడకపోవడం. 1999లో మొదలైన ఎల్‌టీఎస్‌పీ ప్రాజెక్టు మొదట్లో థిన్ క్లయింట్ల కోసమే పుట్టింది. ఇప్పటి రూపంలో అది సర్వర్ నుంచి ఆపరేటింగ్ సిస్టమ్‌ను నెట్‌వర్క్ మీదుగా అందిస్తుంది, ప్రోగ్రాములు మాత్రం ప్రతి పెట్టెలోనూ దాని సొంత ప్రాసెసరు మీదే నడుస్తాయి. వీడియో చూసినా సర్వర్‌కు చీమ కుట్టినట్టుండదు, నిర్వహణ మాత్రం ఒకే చోట. ఇవాళ చవక పెట్టెల్లో కూడా నాలుగు కోర్లు ఉంటున్నాయి, వాటిని ఖాళీగా కూర్చోబెట్టి ఒకే సర్వర్‌ను చావగొట్టడంలో అర్థం లేదు. ఒకే గదిలో నలభై యంత్రాలుంటే నేను ముందు ఇదే ప్రయత్నిస్తాను.

అమ్మేవాళ్లు చూపించే డెమో ఎప్పుడూ బాగానే ఉంటుంది, సర్వర్ పక్క గదిలో ఉంటుంది కనుక. లినక్సులో నెట్‌ఎమ్ అనే ఉచిత సదుపాయంతో ఏ తీగ మీదైనా కావాలని ఆలస్యం కలపొచ్చు, ప్యాకెట్లు పోయేలా చేయొచ్చు. ముందు మీ చోటి నుంచి సర్వర్ ఉండబోయే చోటికి పింగ్ కొట్టి ఎన్ని మిల్లీసెకన్లో చూసుకోండి. 220 వస్తే డెమో తీగకు 220 పెట్టించండి, నూటికి ఒక ప్యాకెట్ పోయేలా కూడా చేయించండి. అప్పుడు పెద్ద ఎక్సెల్ షీటును జరజరా కిందికి జరపండి, ఎరుపు మీద నీలం రంగు తెలుగు అక్షరాలు చదవండి, నాలుగు వాక్యాలు ఇన్‌స్క్రిప్ట్‌లో టైపు చేయండి, మీ సొంత పాస్‌బుక్ ప్రింటరు తగిలించి ఒక పేజీ తీయండి. ఆర్డరు కాగితం మీద సంతకం ఆ తర్వాతే.